రాత్రికి 112 సార్లు పళ్లు కొరికానట, భయపడాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచి చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. నిద్రలో పటపట పళ్లు కొరుకుతున్నానని మా అత్తగారు ఏడాదిగా అంటున్నారు. కడుపులో నులిపురుగులు ఉన్నాయని ఆవిడ నమ్మకం. రెండుసార్లు మాత్ర కూడా మింగించారు. పొద్దున లేచేసరికి కణతలు నొప్పిగా, దవడ బిగుసుకుపోయినట్లుగా ఉంటుంది. పళ్లు అరిగాయని, రాత్రిపూట పళ్లకు తొడిగే నైట్ గార్డ్ పెట్టుకోమని పళ్ల డాక్టరు చెప్పారు. ఇంతలో బెంగళూరులో ఉండే మా తమ్ముడు చెంపకు అంటించుకునే చిన్న యంత్రం ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఫోనులో లెక్క చూపిస్తుంది. మొదటి రాత్రి 41, రెండో రాత్రి 112, మూడో రాత్రి 67 వచ్చాయి. రెండో రాత్రి కరెంటు పోయి చాలాసేపు ఉక్కపోతలో దొర్లాను. సుమారు ఏడు గంటలు పడుకుంటాను. 112 చూసినప్పటి నుంచి పడుకోవాలంటేనే భయంగా ఉంది. మావారు అదంతా బోగస్, తిరిగి ఇచ్చేయమంటారు. నేను గురక పెడతానని కూడా ఆయనే అంటారు లెండి. దిగులుకు ఎనిమిది నెలలుగా ఒక మాత్ర వాడుతున్నాను. ఈ యంత్రాన్ని నమ్మాలా? ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేయించుకోవాలా? మా ఏడేళ్ల బాబు కూడా పళ్లు కొరుకుతాడు. వాడికి పెట్టి చూడవచ్చా?
ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందుగా ఆ 112 సంగతి తేల్చుకుందాం. ఆఫీసులో ఎవరైనా ఒక కాగితం మీద 112 అని రాసి ఇస్తే అవి రూపాయలా, వేలా, లక్షలా అని అడగకుండా మీరు పుస్తకంలో ఎక్కించరు కదా. మీ ఫోనులో కనిపించిన అంకెను మాత్రం ఆ మాట అడగకుండానే నమ్మి భయపడ్డారు.

నిద్రలో దవడ కండరం ఒకసారి బిగిసి వదిలితే అది ఒక బిగింపు. రిపోర్టుల్లో దాన్ని బర్స్ట్ అంటారు. పావు సెకను నుంచి రెండు సెకన్ల దాకా ఉంటుంది. అలాంటివి మూడో, అంతకంటే ఎక్కువో, ఇంచుమించు సెకనుకొకటి చొప్పున వరసగా వస్తే అన్నీ కలిపి ఒక విడత, అంటే ఎపిసోడ్. వదలకుండా రెండు సెకన్లకు మించి బిగబట్టినా అది ఒక విడతే. కెనడాలోని మాంట్రియల్‌లో లవీన్ అనే శాస్త్రవేత్త బృందం 1996లో ప్రకటించిన కొలమానాలు ఈ రంగంలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వాటి ప్రకారం గంటకు నాలుగు విడతలు దాటినా, గంటకు 25 బిగింపులు దాటినా గట్టిగానే కొరుకుతున్నట్లు లెక్క.

ఇప్పుడు 112ను ఏడు గంటలతో భాగించండి. గంటకు 16. మీ యంత్రం బిగింపులను లెక్కపెడుతూ ఉంటే అది 25కు ఎంతో దిగువన ఉంది. విడతలను లెక్కపెడుతూ ఉంటే హద్దుకు నాలుగింతలు. పరిశోధనశాలలో బాగా కొరికేవారిగా తేలిన వారికే సగటున గంటకు ఆరు విడతల దరిదాపుల్లో వస్తాయి కాబట్టి, 16 విడతలంటే నేను ముందు యంత్రాన్నే అనుమానిస్తాను. పెట్టెలో వచ్చిన కాగితంలోనో, యాప్‌లో వివరాలు ఉన్నచోటో ఏది లెక్కిస్తుందో రాసి ఉంటుంది. అది చూసేదాకా ఆ అంకెకు అర్థమే లేదు. ఇంకొక సంగతి: ఆ హద్దులు ఒళ్లంతా తీగలు అతికించి, వీడియో, చప్పుడు కూడా రికార్డు చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. చెంప మీది ఒక్క పట్టీ ఇచ్చే లెక్కకు వాటిని ఉన్నవి ఉన్నట్లుగా అన్వయించడం కుదరదు.

ఎందుకు కుదరదో తెలియాలంటే పట్టీ ఏం వింటుందో తెలియాలి. చెవి తమ్మెకు కిందుగా, దవడ మూలకు కాస్త ముందు రెండు వేళ్లు ఆనించి పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద గట్టిపడి ఉబ్బేదే మసెటర్ కండరం. కణత మీద చెయ్యి పెట్టినా అలాగే తెలుస్తుంది, అక్కడిది టెంపొరాలిస్. మీకు పొద్దున్నే నొప్పి పుట్టేది ఆ రెండు చోట్లే. కండరం బిగిసినప్పుడు పుట్టే విద్యుత్తు చర్మం పైకి మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో అందుతుంది. దాన్ని పట్టుకుని, పెంచి, రాత్రంతా దాచిపెట్టుకోవడమే యంత్రం పని. దీన్నే ఈఎంజీ అంటారు. ఇటువంటి ఇంటి యంత్రాలు చాలాకాలంగా ఉన్నాయి. డెన్మార్క్‌లో పుట్టిన గ్రైండ్‌కేర్ కణత మీద అంటించుకునేది. ఇటలీ వారి బ్రక్సాఫ్ రెండు చెంపల మీది కండరాలతో పాటు గుండె కొట్టుకునే తీరును కూడా నమోదు చేస్తుంది. గుండె సంగతి ఎందుకో తరువాత చెబుతాను.

అందిన విద్యుత్తులో ఏది బిగింపు, ఏది కాదు అని తేల్చడానికి ఒక గీత గీయాలి. పడుకునే ముందు ‘గట్టిగా కొరకండి’ అని యాప్ అడిగి ఉంటుంది. మీరు శక్తి కొద్దీ కొరికినప్పుడు వచ్చిన సంకేతంలో పదో వంతో, ఐదో వంతో హద్దుగా పెట్టుకుని, దాన్ని దాటినవన్నీ లెక్కలో వేస్తుంది. మీలాగా దవడ నొప్పి ఉన్నవారు ఇక్కడే మోసపోతారు. నొప్పికి భయపడి సగం బలంతో కొరుకుతారు, హద్దు కిందికి దిగిపోతుంది, రాత్రంతా ప్రతి చిన్న కదలికా బిగింపుగా నమోదవుతుంది. మూడు రాత్రులూ ఒకే బలంతో కొరికారా? ఒక రాత్రి అసలు ఆ పని చేయకుండానే పడుకున్నారా? గుర్తు చేసుకోండి.

సరిగ్గా కొరికినా చిక్కు పూర్తిగా పోదు. గుటక వేస్తే దవడ కండరం కదులుతుంది. దగ్గితే, కలవరిస్తే, ఆవలిస్తే, పక్కకు ఒత్తిగిలి చెంపను దిండుకు అదిమితే కూడా కదులుతుంది. నిద్ర పరీక్షలో వీడియో చూసే టెక్నీషియన్ ‘ఇది దగ్గు, ఇది పక్కకు తిరగడం’ అని వాటిని తీసేస్తారు. ఇంటి యంత్రానికి కళ్లు లేవు. అందుకే వీడియో లేని కొలతలు ఉన్నదాని కంటే ఎక్కువ చూపించడమే రివాజు, తక్కువ చూపించడం అరుదు. మీ 112 రాత్రి చూడండి: కరెంటు లేదు, చెమట, అటూ ఇటూ దొర్లడం. చెమటకు పట్టీ సడలి ఉంటుంది. ప్రతి దొర్లుడుకూ ఓ నాలుగు గీతలు పడి ఉంటాయి.

అయితే ఆ రాత్రి అదనంగా వచ్చినదంతా దొంగ లెక్కే అనుకోవడానికి కూడా లేదు. పళ్లు కొరకడం ఎక్కువగా తేలిక నిద్రలో, మెదడు ఒక్క క్షణం మెలకువ వైపు తొంగిచూసినప్పుడు జరుగుతుంది. వరస కూడా తెలిసినదే: మెదడు తరంగాల్లో మెలకువ జాడ, వెంటనే గుండె వేగం పెరగడం, గడ్డం కింది కండరాలు కదలడం, ఆ తరువాత దవడ బిగుసుకోవడం. తరచు చివరన ఒక గుటక. గుండెను కూడా కొలిచే యంత్రాలు ఈ వరసనే ఆసరాగా తీసుకుంటాయి. గుండె వేగం పెరగకుండా వచ్చిన బిగింపును అవి అనుమానంగా చూస్తాయి. ఉక్కపోత రాత్రి నిద్ర ముక్కలు ముక్కలైంది గనుక నిజంగా కొరికిన విడతలు కూడా పెరిగే ఉంటాయి. ఎన్ని నిజం, ఎన్ని దొర్లుడు అన్నది ఆ అంకె నుంచి ఎవరూ విడదీయలేరు. పైగా ఏ ఇబ్బందీ లేని రాత్రుల్లో కూడా ఒకే మనిషికి లెక్క ఒక రాత్రికీ మరో రాత్రికీ బాగా మారుతుంది. పరిశోధనశాలలోనే సగటున నాలుగో వంతు తేడా కనిపించింది. చప్పుడు అయితే ఇంకా నిలకడ లేనిది.

మరి మీ వారు చెప్పినట్లు బోగస్ అని తిరిగి ఇచ్చేయాలా? వద్దు. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ సమస్య నిర్ధారణకు మూడు మెట్లు చెప్పింది. మనిషి చెప్పిన మాట మీదో, పక్కవారు చెప్పిన మాట మీదో ఆధారపడితే ‘ఉండవచ్చు’. డాక్టరు నోట్లో గుర్తులు చూస్తే ‘బహుశా ఉంది’. యంత్రంతో కొలిస్తేనే ‘కచ్చితంగా ఉంది’. మీ అత్తగారి చెవులు మిమ్మల్ని మొదటి మెట్టు ఎక్కించాయి, పళ్ల డాక్టరు రెండో మెట్టు ఎక్కించారు. మూడో మెట్టుకు ఇంటి యంత్రం పనికొస్తుంది, సరిగ్గా వాడితే. చప్పుడు రికార్డు చేసే ఉచిత యాప్‌ల కంటే ఇది ఎంతో నయం. చప్పుడు లేకుండా బిగబట్టే రకం వాటికి వినిపించదు, ఫ్యాను మోత మాత్రం చక్కగా వినిపిస్తుంది.

సరిగ్గా వాడటం అంటే ఒక వారం, వీలైతే పది రోజులు. సెలవు రోజులూ, పని రోజులూ రెండూ కలిసేలా చూసుకోండి. మొదటి రాత్రి చెంప మీద ఏదో ఉందన్న ధ్యాసలోనే నిద్ర చెడుతుంది కనుక ఆ లెక్క పక్కన పెట్టండి. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోండి. కొబ్బరినూనె, పసుపు, క్రీము ఏ కాస్త మిగిలినా పట్టీ పట్టు తప్పుతుంది. పూర్తిగా తుడిచి, ఆరిన తరువాతే అంటించండి. ఎప్పుడూ ఒకే చెంప, ఒకే చోటు. వేళ్లతో ఉబ్బు ఎక్కడ తెలిసిందో అక్కడ కంటిపెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటే తెల్లారాక వెతుక్కోనక్కరలేదు. మీరు కుడివైపు ఒత్తిగిలి పడుకునే మనిషైతే పట్టీ ఎడమ చెంపకు. ఛార్జింగులో ఉన్న ఫోనును దిండు పక్కన పెట్టకండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే రకం. ఆ గుంయిమనే అల వదులైన పట్టీలోకి తేలిగ్గా దూరుతుంది. గట్టిగా కొరికే పరీక్ష ప్రతి రాత్రీ, మూడుసార్లు, నిజంగా గట్టిగా. నొప్పి వల్ల అది చేయలేని రాత్రి లెక్క రాయకండి.

దానితో పాటు ఒక నోటుబుక్కు పెట్టుకోండి, లెక్కలు మీకు కొత్త కాదు. పొద్దున లేవగానే ఫోను తెరవకముందే కణతల నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక మార్కు వేయండి. అంకె చూశాక వేస్తే నొప్పి కూడా అంకె వెంట పరుగెడుతుంది. సాయంత్రం కాఫీ ఎన్ని గంటలకు తాగారు, రాత్రి కరెంటు పోయిందా, గురక గురించి మీ వారు ఏమన్నారు, ఆ రోజు ఆఫీసులో రిటర్నుల హడావిడా, ఇవి నాలుగు ముక్కల్లో రాస్తే చాలు. వారం అయ్యాక రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. అవి కలవకపోతే ఆశ్చర్యపోకండి. తక్కువ విడతలు వచ్చేవారిలో నొప్పి ఎక్కువగా కనిపించిన పరిశోధనలు ఉన్నాయి. లెక్క పెరిగితే నష్టం అదే దామాషాలో పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. అసలు ఏ ఫిర్యాదూ లేనివారిలో కూడా నూటికి 60 మందికి నిద్రలో దవడ ఇలా లయగా కదులుతుందని పరిశోధనల్లో తేలింది. 2018 నిపుణుల మాట కూడా ఇదే: మరే జబ్బూ లేని మనిషిలో దీన్ని రోగంగా కాక, కొందరికి హాని చేయగల కండరాల ప్రవర్తనగా చూడాలన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అంకెల బొమ్మ కాకుండా, వీలైతే గీతల రికార్డు తీసుకెళ్లండి. కొన్ని యాప్‌లు దాన్ని బయటికి ఇస్తాయి. సెకనుకొకటిగా మూడు, నాలుగు, ఐదు శిఖరాలు ఒద్దికగా నిలబడి, ఆ తరువాత ఖాళీ వస్తే అది కొరకడం. ఒంటరిగా ఒకే శిఖరం లేచి పడిపోతే గుటక కావచ్చు. అడ్డదిడ్డమైన గడ్డివాములా ఉంటే పక్కకు తిరిగారు. ఒక్కసారి చూపిస్తే మీకే తెలిసిపోతుంది.

ఇక యంత్రానికి ఎన్నటికీ కనిపించని రెండు విషయాలు మీ ఉత్తరంలో ఉన్నాయి. వాటిని మీరు దాటవేసినట్లు రాశారు గానీ నాకు 112 కంటే అవే ముఖ్యం.

ఒకటి గురక. మీ వారి మాట కొట్టిపారేయకండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి నడిచే జబ్బు, స్లీప్ ఆప్నియా, ఉన్నవారు కొందరిలో పళ్లు కొరకడం కూడా ఉంటుంది. పొద్దున్నే తలనొప్పి రెండింటిలోనూ ఉంటుంది. పగలు ఆఫీసులో కునుకుపాట్లు వస్తున్నాయా, రాత్రి ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా, రక్తపోటు పెరిగిందా చూసుకోండి. వీటిలో ఏదైనా ‘అవును’ అయితే నిద్ర పరీక్షకు వెళ్లడంలో అర్థం ఉంది. కేవలం పళ్లు కొరకడం లెక్కించుకోవడానికే అయితే అంత ఖర్చు, ఒక రాత్రి జాగారం అనవసరం. వెళ్లేటట్లయితే ముందే ఒక మాట చెప్పండి: మామూలు నిద్ర పరీక్షలో గడ్డం కింద ఎలక్ట్రోడ్లు పెడతారు గానీ దవడ కండరాల మీద పెట్టడం తప్పనిసరి కాదు. రెండు చెంపలకూ పెట్టమని, వీడియో, చప్పుడు రికార్డు ఉంచమని డాక్టరు చేత చీటీలో రాయించండి. లేకపోతే శ్వాస సంగతి తెలుస్తుంది, పళ్ల సంగతి మళ్లీ మొదటికి వస్తుంది.

రెండోది దిగులు మాత్ర. అది ఏ రకమో మీరు రాయలేదు. ఈ కోవలో వాడే కొన్ని మందులు, ముఖ్యంగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వర్గానివి, కొందరిలో పళ్లు కొరకడాన్ని పుట్టిస్తాయి, ఉన్నదాన్ని పెంచుతాయి. మీ అత్తగారు ఏడాదిగా అంటున్నారు, మాత్ర ఎనిమిది నెలలుగా వాడుతున్నారు. కనుక మొదలు మాత్ర వల్ల కాదు, పెరగడం దాని వల్ల కావచ్చు. మాత్ర మొదలుపెట్టాక చప్పుడు ఎక్కువైందా అని ఆవిడనే అడగండి, మంచి సాక్షి. ఏమని తేలినా మాత్రను మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. రాసిచ్చిన డాక్టరుకు చెబితే మోతాదు మార్చడమో, వేరే మందు ఇవ్వడమో ఆయన చూసుకుంటారు. కాఫీ, మద్యం, పొగాకు కూడా దీన్ని పెంచేవే. ఆఖరి ఫిల్టర్ కాఫీని మధ్యాహ్నానికి జరిపి చూడండి. యంత్రం మీ దగ్గర ఉంది కదా, నాలుగు రాత్రులు జరపక ముందు, నాలుగు రాత్రులు జరిపిన తరువాత. యంత్రానికి నిజంగా సరిపోయే పని అదే: మీ లెక్కను మీ పాత లెక్కతోనే పోల్చడం.

నైట్ గార్డ్ విషయంలో మీ డాక్టరు మాట సబబే. అచ్చు తీసి చేసే గట్టి అక్రిలిక్ గార్డ్ పళ్ల అరుగుదలకు అడ్డం పడుతుంది. కొరకడాన్ని మాన్పిస్తుందని మాత్రం అనుకోకండి. గార్డ్ పెట్టుకున్నాక కూడా యంత్రం 60 చూపిస్తే గార్డ్ దండగ అనేయకండి, ఆ 60 పడేది పళ్ల మీద కాదు, ప్లాస్టిక్కు మీద. అయితే శ్వాస సంగతి తేలేదాకా ఆగండి. పై దవడ గార్డ్ వల్ల ఆప్నియా ముదిరిన సందర్భాలు ఉన్నాయి. పళ్ల అరుగుదల గురించి కూడా ఒక మాట: అది పాత కథ చెబుతుంది, నిన్న రాత్రి కథ కాదు. అద్దంలో కోరపంటి మొన చూసుకోండి. బల్లపరుపుగా, నున్నగా మెరుస్తూ, కింది దవడను పక్కకు జరిపినప్పుడు ఎదుటి పంటి అరుగుదలతో అచ్చంగా అతుక్కుంటే అది రాపిడి. గుంటలు పడినట్లు ఉంటే పులుపో, ఛాతీలో మంటతో పైకి తన్నే ఆమ్లమో కారణం కావచ్చు. దానికి గార్డ్ మందు కాదు. పళ్లన్నీ అరగదీసి ‘బైట్ సరిచేస్తే’ కొరకడం పోతుందని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. దవడకు బొటాక్స్ సూది బిగింపు బలాన్ని కొన్ని నెలలు తగ్గిస్తుంది, విడతల సంఖ్యను కాదు. మీకు ఇప్పుడే ఆ అవసరం లేదు.

పడుకోవాలంటేనే భయం అన్నారు. వారం లెక్క రాసే రోజుల్లో ఫోను మీ వారికి ఇచ్చి అంకెలు ఆయన చేత రాయించండి, మీరు నొప్పి మార్కు మాత్రం వేయండి. వారం అయ్యాక ఒకేసారి చూడవచ్చు. భయంతో చెడిన నిద్రలో కొరకడం పెరుగుతుంది, ఆ పెరుగుదలను యంత్రం నమ్మకంగా మళ్లీ మీకే చూపిస్తుంది.

అత్తగారి నులిపురుగుల మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. పళ్లు కొరకడానికి పురుగులు కారణమన్నదానికి గట్టి ఆధారం లేదు. మింగిన మాత్రల వల్ల నష్టమేమీ లేదు గానీ ఇంక చాలని చెప్పండి. బాబుకు బడిలో నులిపురుగుల దినం నాడు ఆల్బెండజోల్ ఇస్తూనే ఉంటారు, అది పురుగుల కోసం, వేయించండి.

బాబుకు ఈ యంత్రం పెట్టకండి. గట్టిగా కొరికి చూపించమంటే ఏడేళ్ల పిల్లవాడు ఆటలా చేస్తాడు, హద్దు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు, రాత్రికి పట్టీ దిండుకు అంటుకుని ఉంటుంది. ఆ వయసులో పళ్లు కొరకడం పెద్దవాళ్లలో కంటే ఎక్కువ, చాలామందికి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. వాడిలో చూడవలసింది వేరే ఉంది: నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడా, గురక పెడుతున్నాడా, తల వెనక్కి వాల్చి పడుకుంటున్నాడా, పక్క తడుపుతున్నాడా. వీటిలో రెండు మూడు ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి ఉండవచ్చు. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే ఆరు నెలలకొకసారి పళ్లు చూపించడం సరిపోతుంది.